పెట్టె ఒకటే, తాళంచెవి ఎవరిది?

ఆటల కన్సోల్ కొనాలా, కంప్యూటర్ కొనాలా అన్న ప్రశ్న ఈ శీర్షికకు కొత్తది కాదు. అయితే కొంతకాలంగా వస్తున్న ఉత్తరాల్లో ఆ ప్రశ్న రూపు మారింది. అసలు రెండింటికీ తేడా ఏమైనా మిగిలిందా అని పాఠకులు అడుగుతున్నారు. హైదరాబాద్ పాఠకులు పంపిన అలాంటి ఐదు ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరాడు. చదువుకు కంప్యూటర్ కావాలి కదా అని కొంత డబ్బు పక్కన పెట్టాను. తీరా కొనే సమయానికి ప్లేస్టేషన్ 5 కావాలంటున్నాడు. "అది కూడా కంప్యూటరే నాన్నా, లోపల ఉండేవన్నీ అవే" అని వాదిస్తున్నాడు. నాకు వీటి గురించి అంతగా తెలియదు. వాడు చెబుతున్నది నిజమేనా?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే సగం దగ్గరే ఆపేశాడు. ముందు అతను చెప్పిన సగం చూద్దాం.

కిందటి నెల సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలుచుకునే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక రిపేరు దుకాణానికి వెళ్లాను. అక్కడ బల్ల మీద ఒక ప్లేస్టేషన్ 5నూ, ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్‌నూ పక్కపక్కనే విప్పి పెట్టారు. కంప్యూటర్ మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ ఒక చోట, ర్యామ్ ఒక చోట, గ్రాఫిక్స్ కార్డు తన రెండు ఫ్యాన్లతో ఇంకో చోట ఉన్నాయి. వేటికవి ఊడదీసి మార్చుకోవచ్చు. కన్సోల్ బోర్డు మీద మాత్రం నడుమ ఒకే ఒక పెద్ద చిప్, దాని చుట్టూ ఎనిమిది మెమరీ చిప్‌లు, వాటికి కాస్త ఎడంగా బోర్డుకే సోల్డరింగ్ చేసిన, ఆటలను దాచిపెట్టే ఎస్‌ఎస్‌డీ చిప్‌లు కనిపించాయి. నడిమి చిప్ మీద వేడిని లాగడానికి పూసే ద్రవ లోహం అద్దంలా మెరుస్తోంది. దుకాణంలో పనిచేసే కుర్రవాడు ఊపిరి బిగబట్టి దూది పుల్లతో దాన్ని తుడుస్తున్నాడు, ఎందుకంటే ఒక్క బొట్టు పక్కకు జారినా బోర్డు షార్ట్ అవుతుంది.

ఆ ఒక్క చిప్‌లోనే ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఉంటాయి. ప్రాసెసర్ భాగంలో ఏఎండీ సంస్థ తయారుచేసిన జెన్ 2 కోర్‌లు ఎనిమిది ఉన్నాయి. ఆ సంస్థ అదే తరం కోర్‌లను ల్యాప్‌టాప్‌లలోనూ, డెస్క్‌టాప్‌లలోనూ అమ్మింది. 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5తో పాటే వచ్చిన మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లోనూ ఉన్నవి జెన్ 2 కోర్‌లే. కాబట్టి "లోపల ఉండేవన్నీ అవే" అన్న మాటలో తప్పు లేదు. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 2006 నాటి ప్లేస్టేషన్ 3లో సోనీ, తోషిబా, ఐబీఎం కలిసి రూపొందించిన సెల్ అనే ప్రాసెసర్ ఉండేది; దాని కోసం రాసిన ప్రోగ్రామ్ మన ఇళ్లలోని కంప్యూటర్లకు అర్థమయ్యేది కాదు. 2013లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండూ మామూలు కంప్యూటర్లలో వాడే ఎక్స్86 రకం ప్రాసెసర్లకు మారడంతో ఆ దూరం చెరిగిపోయింది.

ఇక మీ అబ్బాయి చెప్పని సగం. స్విచ్ వేసిన క్షణం నుంచి కన్సోల్ ఒక పని చేస్తుంది. తాను నడపబోయే ప్రతి ప్రోగ్రామ్ మీద తయారీ సంస్థ వేసిన డిజిటల్ సంతకం ఉందో లేదో సరిచూసుకుంటుంది. సంతకం లేని ప్రోగ్రామ్‌ను అది నడపదు. మీ అబ్బాయికి మొదటి సంవత్సరంలోనే సీ భాష కంపైలర్ కావాలి, పైథాన్ కావాలి, ఇంజనీరింగ్ డ్రాయింగ్‌కు ఆటోక్యాడ్ కావాలి. వాటిని నడిపే శక్తి ప్లేస్టేషన్‌లోని ఎనిమిది కోర్‌లకు కావలసినంత ఉంది. లేనిది అనుమతి. డబ్బు మీరు ఇచ్చినా, ఆ యంత్రం మీద ఏది నడవాలో నిర్ణయించే తాళంచెవి తయారీ సంస్థ దగ్గరే ఉంటుంది. కంప్యూటర్‌లో ఆ తాళంచెవి మీ చేతిలో ఉంటుంది. నా దృష్టిలో ఇప్పుడు ఈ రెండింటి మధ్య మిగిలిన అసలైన సరిహద్దు ఇదే.

అందుచేత ఈ సంవత్సరం కంప్యూటరే కొనండి. విడి గ్రాఫిక్స్ చిప్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే చదువుతో పాటు ఆటలూ సాగుతాయి. అతను అడిగింది ఎందుకు కొనడం లేదో కూర్చోబెట్టి వివరించండి. లోపలి చిప్ గురించి ఇంత తెలుసుకున్న పిల్లవాడికి ఈ కారణమూ అర్థమవుతుంది.

ప్రశ్న: నేను ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ బోధిస్తున్నాను. ఒకప్పుడు ప్లేస్టేషన్‌లో లినక్స్ వేసుకునేవారని విన్నాను. ఇప్పుడూ అలా వేసుకుని పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పవచ్చా?
– ఒక అధ్యాపకురాలు, ఉప్పల్

జవాబు: మీరు విన్నది నిజం. ప్లేస్టేషన్ 3 విడుదలైనప్పుడు దాని సెట్టింగ్స్‌లోనే 'అదర్ ఓఎస్' అనే సదుపాయం ఉండేది. దాని ద్వారా, విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని, కీబోర్డు, మౌస్ తగిలించి, మామూలు కంప్యూటర్‌లాగే వాడుకోవచ్చు. సెల్ ప్రాసెసర్ లెక్కల్లో చాలా వేగవంతమైనది కావడంతో విశ్వవిద్యాలయాల పరిశోధకులు దాన్ని ఇష్టపడ్డారు. అమెరికా వైమానిక దళ పరిశోధనశాల 2010లో 1,760 ప్లేస్టేషన్ 3 యంత్రాలను కలిపి ఒక సూపర్ కంప్యూటర్‌నే నిర్మించింది.

అదే సంవత్సరం ఏప్రిల్ 1న సోనీ విడుదల చేసిన 3.21 అప్‌డేట్ ఈ సదుపాయాన్ని తీసేసింది. భద్రత కోసం అని కారణం చెప్పారు. అప్‌డేట్ వేసుకోకపోతే ఆన్‌లైన్ ఆటలు ఆగిపోతాయి. వేసుకుంటే లినక్స్ పోతుంది. డబ్బు పెట్టి కొన్న వస్తువులో ఉన్న ఒక గుణం, కొన్న మూడేళ్లకో నాలుగేళ్లకో, ఇంట్లో ఉండగానే మాయమైంది. అమెరికాలో కొనుగోలుదారులు కోర్టుకెక్కారు, చివరికి సంస్థ పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది. తాళంచెవి వేరొకరి చేతిలో ఉండడం అంటే ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు. ప్లేస్టేషన్ 4, 5లలో ఆ తలుపును అసలు పెట్టనే లేదు. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: వీలుకాదు. అదే డబ్బుకు లినక్స్ నడిచే మామూలు కంప్యూటర్లే మేలు.

ఇక్కడ మరో సంగతి చెప్పాలని ఉంది. ఈ రెండు యంత్రాలూ ఈమధ్యనే దగ్గరయ్యాయని అనుకుంటున్నారు గానీ, పుట్టినప్పటి నుంచీ వాటి పొలిమేరలు కలిసే ఉన్నాయి. 1983లో నింటెండో జపాన్‌లో విడుదల చేసిన యంత్రం పేరే 'ఫ్యామిలీ కంప్యూటర్'. దానికి మరుసటి సంవత్సరం కీబోర్డు, బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా తెచ్చారు. 2000లో ఐరోపాలో అమ్మిన ప్లేస్టేషన్ 2తో పాటు ఇచ్చిన డిస్కులో ఒక చిన్న బేసిక్ భాష ఉండేది. యంత్రాన్ని కంప్యూటర్‌గా పరిగణిస్తే కస్టమ్స్ సుంకం తగ్గుతుందన్నది దాని వెనుక ఉన్న ఆలోచన.

ఫ్యామిలీ కంప్యూటర్‌కు నకళ్లు మన దగ్గరా అమ్మారు. 1990ల చివర మా నాన్నగారు కోఠిలో కొని తెచ్చిన టీవీ గేమ్ అలాంటిదే. చూడడానికి అచ్చం కీబోర్డులాగే ఉండేది, ఆటల క్యాసెట్‌తో పాటు బేసిక్ క్యాసెట్ కూడా ఇచ్చారు. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని, తెర మీద ఒక బంతి అటూ ఇటూ కదిలే ప్రోగ్రామ్‌ను నలభై వరుసల దాకా టైపు చేశాను. అది కదిలింది. అమ్మను పిలిచి చూపించేలోగా కరెంటు పోయింది. ఆ పెట్టెలో రాసినదాన్ని దాచుకునే వీలే లేదని నాకు అప్పుడే తెలిసింది. దుకాణదారు దాన్ని కంప్యూటర్ అని చెప్పే అమ్మాడు. ఎంత శక్తి ఉన్నా, రాసుకున్నది దాచుకోలేని, నచ్చినది నడుపుకోలేని యంత్రాన్ని ఆ రోజు నుంచీ నేను పూర్తి కంప్యూటర్‌గా ఒప్పుకోలేకపోతున్నాను.

ప్రశ్న: రెండేళ్ల క్రితం 72 వేలు పెట్టి సీటీసీలో పీసీ అసెంబుల్ చేయించుకున్నాను. 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్. కొత్త ఆటల్లో ఒక్కో గదిలోకి అడుగుపెట్టగానే బొమ్మ క్షణంపాటు బిగుసుకుపోతుంది. నాకన్నా తక్కువ ఖర్చుతో ప్లేస్టేషన్ 5 కొన్న మిత్రుడి ఇంట్లో అదే ఆట సాఫీగా నడుస్తోంది. లోపలి భాగాలు ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు? కార్డు మార్చమంటారా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

జవాబు: కార్డు అప్పుడే మార్చకండి. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి చూస్తే లోపం కార్డు బలంలో ఉన్నట్టు లేదు.

ఆటలో కనిపించే ప్రతి వెలుగు, నీడ, నీటి మెరుపు వెనుక షేడర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. దాన్ని గ్రాఫిక్స్ చిప్‌కు అర్థమయ్యే భాషలోకి ముందుగా మార్చాలి. ప్లేస్టేషన్ 5 ఎవరి ఇంట్లో ఉన్నా అందులో ఉండే చిప్ రకం ఒకటే కాబట్టి, ఆట తయారుచేసినవారు ఈ మార్పిడిని తమ దగ్గరే ముగించి పంపిస్తారు. కంప్యూటర్ల విషయంలో అది సాధ్యం కాదు. మీ కార్డు ఒక రకం, పక్కింటివారిది ఇంకో రకం, రెండూ ఒకటే అయినా కార్డును నడిపించే డ్రైవర్ ప్రోగ్రామ్ వెర్షన్లు వేరు. అందుకే మార్పిడి మీ ఇంట్లోనే జరగాలి. మంచి ఆటలు మొదటిసారి తెరిచినప్పుడే "షేడర్లు కంపైల్ అవుతున్నాయి" అని ఒక గీత చూపించి ఆ పని పూర్తి చేసుకుంటాయి. కొన్ని ఆటలు మాత్రం మీరు కొత్త గదిలోకి అడుగుపెట్టే క్షణందాకా ఆగి, అప్పుడు మొదలుపెడతాయి. మీరు చూస్తున్న ఆ బిగుసుకుపోవడం చాలావరకు అదే.

రెండో కారణం మెమరీ. ప్లేస్టేషన్ 5లో 16 జీబీ వేగవంతమైన మెమరీని ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ పంచుకుంటాయి. ఆట దానిలో ఎంత భాగాన్ని దేనికి వాడుకోవాలో తానే నిర్ణయించుకుంటుంది. మీ పీసీలో ర్యామ్ వేరు, కార్డు మీది 8 జీబీ వేరు. కొత్త ఆటల బొమ్మలు ఆ 8 జీబీని దాటినప్పుడు సరుకు అటూ ఇటూ మోయవలసి వస్తుంది, ఆ మోతలో ఆట తడబడుతుంది. మూడోది డిస్కు. ప్లేస్టేషన్ 5లోని ఎస్‌ఎస్‌డీ సెకనుకు 5.5 జీబీ చదువుతుంది, దానితోపాటు కుదించిన ఫైళ్లను విప్పడానికే చిప్‌లో ప్రత్యేక భాగం ఉంది. మీరు ఆటలను పాత హార్డ్ డిస్కులో పెట్టి ఉంటే, ఈ రోజే ఎస్‌ఎస్‌డీకి మార్చండి.

చేయవలసింది ఇది: డ్రైవర్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ షేడర్ల పని మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి, అప్‌డేట్ తరవాత ఆట తెరిచి ఆ గీత పూర్తయ్యేదాకా ఆగండి. సెట్టింగ్స్‌లో టెక్స్‌చర్ (గోడలు, నేల లాంటి వాటి మీద అతికించే బొమ్మలు) నాణ్యతను ఒక మెట్టు దించండి. 8 జీబీ కార్డుకు ఈ ఒక్క మార్పు చేసే మేలు మరేదీ చేయదు. ఇవన్నీ చేశాక కూడా తృప్తి లేకపోతే అప్పుడు కార్డు సంగతి ఆలోచించవచ్చు. ఒకవేళ ర్యామ్ కూడా పెంచుకోవాలనుకుంటే ముందు ధర కనుక్కోండి. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి.

ఖర్చు మాట కూడా ఎత్తారు. కన్సోల్ చవకగా రావడానికి కారణం ఉంది. ఆ యంత్రం మీద అమ్ముడయ్యే ప్రతి ఆటలోనూ తయారీ సంస్థకు వాటా ముడుతుంది, స్టోర్‌లో అది సాధారణంగా 30 శాతం. అందుకే యంత్రాన్ని లాభం లేకుండా అమ్మినా వారికి గిట్టుబాటవుతుంది. ఎక్స్‌బాక్స్ యంత్రాల అమ్మకం మీద తమకు ఎన్నడూ లాభం రాలేదని 2021లో అమెరికా కోర్టులో మైక్రోసాఫ్ట్ అధికారి ఒకరు సాక్ష్యం చెప్పారు. మీ మిత్రుడు యంత్రం మీద మిగుల్చుకున్నది తరవాత ఆటల మీద కొంత చెల్లిస్తారు. పైగా కొనుక్కున్న ఆటలను ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడాలంటే ప్లేస్టేషన్ ప్లస్ చందా కట్టాలి. పీసీలో ఆ చందా లేదు. రెండేళ్ల లెక్క ఒకటి, ఆరేళ్ల లెక్క ఇంకొకటి. మీ 72 వేలు వృథా కాలేదు.

ప్రశ్న: చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్, ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ అలై లాంటివి కన్సోళ్లా, కంప్యూటర్లా? ఎక్స్‌బాక్స్ పేరున్న అలై కొంటే నా పాత ఎక్స్‌బాక్స్ ఆటలు అందులో నడుస్తాయా?
– ఒక విద్యార్థి, తార్నాక

జవాబు: రెండూ కంప్యూటర్లే. 2022లో వాల్వ్ సంస్థ తెచ్చిన స్టీమ్ డెక్‌లో లినక్స్ ఉంటుంది. విండోస్ కోసం తయారైన ఆటలను ప్రోటాన్ అనే పొర సాయంతో నడుపుతుంది. ఒక మీట నొక్కితే డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది, కీబోర్డు తగిలించి ప్రోగ్రామ్ కూడా రాసుకోవచ్చు. తెరవగానే కన్సోల్‌లా ఆటల వరస చూపిస్తుంది, తాళంచెవి మాత్రం మీ చేతిలోనే ఉంచుతుంది. ఇంతవరకు వచ్చిన వాటిలో నాకు మనస్ఫూర్తిగా నచ్చిన పొత్తు ఇది. పై ఉత్తరంలో చెప్పిన షేడర్ల బెడద కూడా ఇందులో తక్కువ, ఎందుకంటే అన్ని డెక్‌లలోనూ దాదాపు ఒకే చిప్ ఉండడంతో వాల్వ్ ముందే మార్చిపెట్టిన షేడర్లను పంపగలుగుతోంది. అయితే వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటి కొన్ని ఆటలు మోసాలను పట్టే తమ ప్రోగ్రామ్‌ల కారణంగా అందులోని లినక్స్ మీద నడవవు. మీరు ఆడేవి అవే అయితే ఆ డబ్బు పెట్టవద్దు.

అలై విషయంలో జాగ్రత్తగా ఉండండి. 2025 అక్టోబరులో వచ్చిన ఈ యంత్రం పేరులో ఎక్స్‌బాక్స్ ఉన్నా, లోపల ఉన్నది విండోస్ 11. కన్సోల్ కోసం కొన్న ఆటలు అందులో నేరుగా నడవవు. 'ప్లే ఎనీవేర్' గుర్తు ఉన్న ఆటను డిజిటల్‌గా కొని ఉంటే దాని పీసీ రూపం అదనపు ఖర్చు లేకుండా దొరుకుతుంది. అందుకని ముందు మీ ఆటల జాబితా తీసి, ఒక్కొక్కదాని పక్కన ఆ గుర్తు ఉందో లేదో చూసుకోండి. డిస్కులైతే లెక్కలోకే రావు, అందులో డిస్క్ డ్రైవ్ లేదు.

ప్రశ్న: నా దగ్గర ప్లేస్టేషన్ 3 డిస్కులు ముప్పై, ప్లేస్టేషన్ 4 డిస్కులు ఇరవై దాకా ఉన్నాయి. కొత్త యంత్రం కొంటే పాతవాటిని అమ్మేయవచ్చా?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: ప్లేస్టేషన్ 4ను అమ్మేయవచ్చు, ప్లేస్టేషన్ 3ను ఉంచుకోండి. మొదటి ఉత్తరంలో చెప్పిన ప్రాసెసర్ల కథ మీ అలమారలో ఇలా తేలుతుంది. ప్లేస్టేషన్ 4, 5 రెండింటిదీ ఎక్స్86 కుటుంబమే కావడంతో, పాత ఆటల్లో దాదాపు అన్నీ కొత్తదానిలో నడుస్తాయి. డిస్క్ డ్రైవ్ ఉన్న రకమే కొనండి, లేకపోతే ఆ ఇరవై డిస్కులూ అలంకారానికి మిగులుతాయి. ప్లేస్టేషన్ 3 డిస్కులు మాత్రం సెల్ ప్రాసెసర్ కోసం రాసినవి. ప్లేస్టేషన్ 5 వాటిని చదవదు.

డిస్కులకు ఒక విలువ ఉంది, దాన్ని తక్కువగా చూడవద్దు. ఆడటం అయిపోయాక అమ్ముకోవచ్చు, తమ్ముడికి ఇవ్వవచ్చు. కంప్యూటర్‌లో తాళంచెవి మనదే అని ఇంతసేపూ చెప్పాను గానీ, స్టీమ్ లాంటి స్టోర్లలో కొన్న ఆట మన ఖాతాకే అంటుకుని ఉంటుంది, తిరిగి అమ్ముకునే వీలు లేదు. ఈ ఒక్క విషయంలో డిస్కు ఉన్న కన్సోలే కొనుగోలుదారుకు ఎక్కువ హక్కు ఇస్తోంది.

మీ ప్లేస్టేషన్ 3 వయసు పదేళ్లు దాటే ఉంటుంది. మన ఊరి దుమ్మూ, ఏప్రిల్, మే నెలల ఎండలూ దానికి మంచివి కావు. చేయి తిరిగిన రిపేరు మనిషి చేత ఒకసారి విప్పించి, ఫ్యాన్ శుభ్రం చేయించి, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్పించండి. అందులోని హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్‌లలో వాడే 2.5 అంగుళాల సాటా రకమే కాబట్టి, పాతది మొరాయించకముందే యూఎస్‌బీ డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసుకుని కొత్తది వేసుకోవచ్చు. ఆ పని ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో మీరే చేసుకోగలరు.